మీ గల్లీ నెట్ ఎవరిది? పాతబస్తీ చిన్న కంపెనీల ఇంటర్నెట్ కథ



ఈ రోజు టాపిక్ చూడ్డానికి చిన్నది. ఇంట్లో ఉన్న పెద్ద కంపెనీ నెట్ కనెక్షన్ తీసేసి, గల్లీ చివర ఒక షట్టర్‌లో ఆఫీస్ పెట్టుకున్న చిన్న కంపెనీకి మారాలా, వద్దా? పాతబస్తీలో ఈ ప్రశ్న రాని ఇల్లు ఉండదు. బిల్లు వచ్చినప్పుడు ఒకసారి వస్తుంది, వాన పడి రౌటర్ మీద ఎర్ర లైట్ వెలిగినప్పుడు ఇంకోసారి వస్తుంది.

స్పీడ్ టెస్టులు పెట్టి, ఒక టేబుల్ గీసి, "ఇది తీసుకోండి" అని ఐదు నిమిషాల్లో ముగించొచ్చు. కానీ ఆ టేబుల్ లాల్ దర్వాజాలో కరెక్ట్ అయితే యాకుత్‌పురాలో తప్పు అవుతుంది. గౌలిపురాలోనే రెండు పక్క పక్క గల్లీల్లో రెండు రకాలుగా ఉంటుంది. కారణం ఏంటంటే, మీ కిటికీ దాకా వచ్చిన ఆ నల్ల వైరు ఎవరిది అన్నదాన్ని బట్టే మీ నెట్ ఎలా ఉంటుందో తేలుతుంది. బిల్లు మీద పేరు ఏదైనా పర్లేదు. ఆ వైరు వెనక ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే మారాలా వద్దా అన్నది మీరే చెప్పేసుకోవచ్చు.

మొదటి నుంచి వద్దాం. ఇండియాలో మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలైంది 1995 ఆగస్టు 15న. ఇచ్చింది వీఎస్ఎన్ఎల్ అనే ప్రభుత్వ కంపెనీ. ఫోన్ లైన్‌కి మోడెమ్ తగిలించాలి, అది కీచుకీచుమని అరిచి కనెక్ట్ అవుతుంది, ఆ టైంలో ఇంటికి ఫోన్ చేసినవాళ్లకి ఎంగేజ్ టోన్. ఇంకో కంపెనీకి మారడం అన్న మాటే లేదు, ఎందుకంటే ఇంకో కంపెనీయే లేదు.

మూడేళ్ల తర్వాత, 1998 నవంబర్‌లో, ప్రైవేట్ కంపెనీలకు తలుపు తెరిచారు. ఈ పాలసీ గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం కానీ, ఈ రోజు మీ గల్లీలో చిన్న కంపెనీ ఉందంటే దాని మూలం అక్కడే. లైసెన్స్ మూడు రకాలు పెట్టారు. ఏ కేటగిరీ అంటే దేశమంతా. బీ అంటే ఒక టెలికాం సర్కిల్ లేదా ఒక మెట్రో. సీ అంటే ఇంకా చిన్న ఏరియా, దాదాపు ఒక జిల్లా అనుకోండి. బ్యాంక్ గ్యారంటీ వేరే కట్టాలి గానీ, లైసెన్స్ ఫీజు మాత్రం మొదటి ఐదేళ్లు సున్నా. ఆ తర్వాత ఏడాదికి ఒక్క రూపాయి. నిజంగానే ఒక్క రూపాయి. చిన్నవాళ్లు రావాలని గవర్నమెంట్ కావాలనే పెట్టిన రేటు అది.

అదే 1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ఓపెన్ చేశారు. హైదరాబాద్ ఇంటర్నెట్ కథ అంటే అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే దేశంలో మొదటి ప్రైవేట్ నెట్ కంపెనీ అయింది, 1999 అక్టోబర్‌లో అమెరికా నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది. దాన్నే తర్వాత సిఫీ అన్నాం. దాని పక్కనే చాలా చిన్న లోకల్ కంపెనీలు కూడా పుట్టాయి. నెట్‌లింక్స్, సదరన్ ఆన్‌లైన్, తర్వాత్తర్వాత పయొనీర్, ఎక్సెల్ లాంటివి. సదరన్ ఆన్‌లైన్ కథ భలే ఉంటుంది. నెట్ అమ్ముతూ అమ్ముతూ పేరులో బయో టెక్నాలజీస్ అని కలుపుకుని, నల్గొండ జిల్లాలో బయోడీజిల్ ఫ్యాక్టరీ పెట్టింది. ఇంటర్నెట్ బిజినెస్‌లో మిగిలేది ఎంతో ఆ ఒక్క విషయంతో అర్థమైపోతుంది!

ఇదంతా జరుగుతుంటే మూసీకి ఇవతల పరిస్థితి ఏంటి? ఇక్కడ ఇంటర్నెట్‌కి డిమాండ్ సాఫ్ట్‌వేర్ వల్ల రాలేదు, గల్ఫ్ వల్ల వచ్చింది. బార్కాస్, తలాబ్‌కట్ట, చంద్రాయణగుట్ట వైపు చాలా ఇళ్లలో ఒకరు జెడ్డాలోనో దుబాయ్‌లోనో ఉండేవాళ్లు. ఐఎస్‌డీ కాల్ అంటే మీటర్ చూస్తూ మాట్లాడాలి, సలాం చెప్పి, పైసలు అందాయా అని అడిగి పెట్టేయాలి. 2002 ఏప్రిల్ 1 నుంచి ఇంటర్నెట్ ఫోన్ కాల్స్‌ని మన దేశంలో లీగల్ చేశారు. కంప్యూటర్ నుంచి విదేశంలో ఉన్న ఫోన్‌కి మాట్లాడొచ్చు. సైబర్ కేఫ్‌కి పోయి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఐఎస్‌డీ ఖర్చులో చిన్న ముక్కతో అయిపోతుంది. యాహూ మెసెంజర్ ఉంటే అది కూడా లేదు. ప్లైవుడ్ క్యాబిన్‌లో ఒక తల్లి మైకు పట్టుకుని గట్టిగా అరుస్తూ కొడుకుతో మాట్లాడటం, పక్క క్యాబిన్‌లో ఎవడో గేమ్ ఆడటం. నా వయసు వాళ్లు చిన్నప్పుడు దీని చివరి రోజులు చూశారు. ఇంట్లో కనెక్షన్ కావాలన్న కోరిక పాతబస్తీలో ఆ క్యాబిన్లలోనే పుట్టింది.

కోరిక ఉంది. మరి వైరు?

2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ పాలసీ తెచ్చింది. బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 256 కేబీపీఎస్ అని రాశారు. ఈ రోజు ఆ స్పీడ్‌లో వాట్సాప్ డీపీ లోడ్ అయ్యేలోపు చాయ్ తాగి రావొచ్చు. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చింది. అది ల్యాండ్‌లైన్ రాగి తీగ మీద నడిచే డీఎస్ఎల్. ఇందులో చిక్కు ఏంటంటే, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచి దూరం పెరిగే కొద్దీ స్పీడ్ పడిపోతుంది. పైగా జాయింట్లు ఎక్కువ ఉన్న పాత తీగ అయితే వానాకాలం పని అయిపోయినట్టే. పెద్ద ప్రైవేట్ కంపెనీలు రోడ్డు తవ్వి కొత్త కేబుల్ వేయాలి. బంజారాహిల్స్‌లో తవ్వితే ఒక్కో అపార్ట్‌మెంట్‌కి యాభై కనెక్షన్లు దొరుకుతాయి. శాలిబండ వెనక గల్లీలో తవ్వితే? బండి పట్టని సందు, కింద పాత పైపులు, ఒక్కో ఇంటికి ఒక్కో ఓనరు, ఒక్కో పర్మిషన్. లెక్క కుదరలేదు, రాలేదు. దీన్ని వివక్ష అనేవాళ్లున్నారు, బిజినెస్ అనేవాళ్లున్నారు. నన్నడిగితే ఆ ఇంటివాళ్లకి రెండింటికీ తేడా ఏమీ తెలియలేదు.

కానీ ఒక వైరు అప్పటికే ప్రతి ఇంటికీ ఉంది. అదే కేబుల్ టీవీ వైరు.

తొంభైల మొదట్లో డాబా మీద పెద్ద డిష్ పెట్టి, కింద గదిలో కంట్రోల్ రూమ్ పెట్టి, కరెంటు స్తంభాల మీదుగా, ఇళ్ల పిట్టగోడల మీదుగా వైర్లు లాగినవాళ్లు కేబుల్ ఆపరేటర్లు. 1995లో కేబుల్ టీవీ చట్టం వచ్చాక హెడ్ పోస్టాఫీసులో రిజిస్టర్ చేసుకుంటే చాలు. రోడ్డు తవ్వలేదు, టెండర్ లేదు. "చాచా, మీ డాబా మీద నుంచి వైరు తీసుకెళ్తా, మీకు కనెక్షన్ ఫ్రీ" అంటే అదే అగ్రిమెంట్. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. పెద్ద కంపెనీల ఇంజినీర్లు మ్యాప్ ముందు పెట్టుకుని సాధ్యం కాదన్న గల్లీల్లో, ఒక నిచ్చెన, ఒక పట్టకారు, నాలుగు ఇళ్ల వాళ్లతో మంచి మాట, వీటితోనే నెట్‌వర్క్ వేసేశారు.

నెట్ టైం వచ్చేసరికి వీళ్లే మళ్లీ నిచ్చెన ఎక్కారు. లైసెన్స్ ఉన్న ఒక కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్ తీసుకుని, దాని ఫ్రాంచైజీగా తమ గల్లీలో నీలం రంగు ఈథర్‌నెట్ కేబుల్ లాగారు. ఈథర్‌నెట్‌కి ఒక రూల్ ఉంది: ఒక ముక్క 100 మీటర్లు దాటకూడదు. అందుకని ప్రతి వంద మీటర్లకి గోడ మీద ఒక ఇనుప డబ్బా, లోపల ఒక స్విచ్. ఆ స్విచ్‌కి కరెంటు పక్కింటి నుంచి. ఆ ఇంట్లో ఫ్యూజ్ పోతే గల్లీ మొత్తం నెట్ బంద్! మనలో చాలామంది ఫస్ట్ నెట్‌వర్కింగ్ పాఠం ఆ డబ్బా దగ్గరే నేర్చుకున్నారు. బీటెక్‌లో లేయర్ వన్, లేయర్ టూ అని చెప్పినప్పుడు నా కళ్ల ముందు కనిపించింది ఆ డబ్బానే.

సేమ్ టెక్నిక్‌ని సిటీ లెవెల్‌లో చేసి చూపించిన కంపెనీ బీమ్ టెలికాం. హైదరాబాద్ కంపెనీయే. బిల్డింగ్ దాకా ఫైబర్, అక్కడి నుంచి ఇంటికి ఈథర్‌నెట్. బీఎస్ఎన్ఎల్ తీసేసి బీమ్‌కి మారడం అప్పట్లో సిటీలో ఒక తరం చేసిన పని. చిన్న ఇండిపెండెంట్ కంపెనీకి మారడం అంటే హైదరాబాద్‌లో అసలు అర్థం అదే. తర్వాత బెంగళూరు కంపెనీ ఏసీటీ దాన్ని కొనేసింది, కొన్నాళ్లకి బీమ్ పేరు పోయి ఏసీటీ ఫైబర్‌నెట్ పేరు వచ్చింది. 2017 మార్చిలో అదే ఏసీటీ దేశంలో మొదటిసారిగా ఇళ్లకి ఒక గిగాబిట్ ప్లాన్‌ని హైదరాబాద్‌లో లాంచ్ చేసింది. నెలకి 5,999 రూపాయలు, ఒక టెరాబైట్ డేటా. ఆ రికార్డు కింద ఉన్న పునాది మాత్రం ఒక లోకల్ కంపెనీ వేసింది.

ఇక్కడ ఒక ప్యాటర్న్ కనిపిస్తుంది. చిన్న కంపెనీ బాగా నడిస్తే ఎక్కువ కాలం చిన్నగా ఉండదు. సిఫీలో తన వాటాని సత్యం 2005లో రాజు వేగేశ్న చేతికి అమ్మేసింది. బీమ్ ఏసీటీ అయింది. 2018 అక్టోబర్‌లో కేబుల్ నెట్ పెద్దలు హాత్‌వే, డెన్ రెండింట్లోనూ మెజారిటీ వాటా కొంటున్నట్టు రిలయన్స్ ప్రకటించింది. అది ఎందుకు కొన్నదో ఆలోచించండి. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చి మొబైల్ డేటాని దాదాపు ఫ్రీ చేసింది, టవర్ పెడితే చాలు. 2019 సెప్టెంబర్ 5న జియో ఫైబర్ మొదలుపెట్టాలంటే మాత్రం గల్లీలోకి రావాలి. గల్లీలోకి రావాలంటే నిచ్చెన ఉన్నవాడు కావాలి. అంత పెద్ద కంపెనీకి కూడా కేబుల్ ఆపరేటర్ల నెట్‌వర్క్ కొనుక్కోవడమే షార్ట్‌కట్ అయింది.

ఈ లోపు మన ఆపరేటర్ల పరిస్థితి కూడా మారింది. 2013 మార్చి చివరికి హైదరాబాద్‌లో కేబుల్ టీవీ డిజిటల్ కావాలని గడువు పెట్టారు. సెట్‌టాప్ బాక్స్ వచ్చింది, ఎన్ని కనెక్షన్లు ఉన్నాయో పైవాళ్లకి లెక్క తెలిసిపోయింది. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త టారిఫ్ రూల్స్. తర్వాత యూట్యూబ్, ఓటీటీ. టీవీ మీద బతకడం కష్టమైంది. చాలామంది ఈథర్‌నెట్ డబ్బాలు పీకేసి ఫైబర్ వేశారు. జీపాన్ అంటాం దీన్ని. ఒక ఫైబర్ పోగుని స్ప్లిటర్‌తో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. మధ్యలో కరెంటు అక్కర్లేదు. పక్కింటి ఫ్యూజ్ గొడవ పోయింది. కానీ ఆ పోగులో కిందికి వచ్చే దాదాపు రెండున్నర గిగాబిట్లని ఆ ఇళ్లన్నీ పంచుకుంటాయి. ఇది పెద్ద కంపెనీకైనా, చిన్న కంపెనీకైనా సేమ్. తేడా పైన ఉంటుంది: ఆపరేటర్ పైనుంచి ఎంత బ్యాండ్‌విడ్త్ కొన్నాడు అన్నది. రాత్రి తొమ్మిదింటికి అందరూ క్రికెట్ పెడితే మీ వీడియో తిరుగుతుందా లేదా అన్నది అక్కడ తేలుతుంది. మధ్యాహ్నం మూడింటికి చేసిన స్పీడ్ టెస్ట్ దేనికీ పనికిరాదు.

చిన్న కంపెనీకి ఇంకో ఇబ్బంది ఉంది, అది వాళ్ల తప్పు కాదు. నెట్‌లో ప్రతి కనెక్షన్‌కీ ఒక ఐపీ అడ్రస్ కావాలి. పాత రకం, అంటే ఐపీవీ4 అడ్రస్‌లు ఆసియాలో 2011 ఏప్రిల్‌లోనే అడుగంటాయి. ఆ తర్వాత వచ్చిన కొత్త కంపెనీకి గరిష్ఠంగా 1,024 అడ్రస్‌లు, 2019 నుంచి 512 మాత్రమే. ఐదు వేల ఇళ్లు ఉన్నవాడు ఏం చేస్తాడు? ఒక అడ్రస్ మీద పది, ఇరవై ఇళ్లని కూర్చోబెడతాడు. దీన్ని సీజీనాట్ అంటారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే డోర్ నంబర్ ఉన్నట్టు. మామూలుగా చూస్తే తెలియదు. కానీ పత్తర్‌గట్టిలో షాపు ఉండి, ఇంటి నుంచి డైరెక్ట్‌గా షాపు కెమెరా డీవీఆర్‌కి కనెక్ట్ అవ్వాలంటే అవ్వదు. గేమ్‌లో ఫ్రెండ్ రూమ్‌కి కనెక్ట్ కాకుండా సతాయిస్తుంది. ముందుగా వచ్చినవాళ్లు, డబ్బున్నవాళ్లు అడ్రస్‌లు పోగేసుకున్నారు. లేటుగా వచ్చినవాళ్లకి మిగిలింది పంచుకోవడం. చిన్న కంపెనీ కూడా ఐపీవీ6 ఇస్తే ఈ కిరికిరి చాలావరకు తగ్గుతుంది. అడిగి చూడండి, కొందరు ఇస్తున్నారు.

2020 మార్చి లాక్‌డౌన్ ఈ కథలో పెద్ద పరీక్ష. సెప్టెంబర్ 1 నుంచి గవర్నమెంట్ స్కూల్ పిల్లలకి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ చానెళ్లలో వచ్చాయి. అవి చాలా ఇళ్లలోకి ఏ వైరు మీద వచ్చాయి? అదే కేబుల్ వైరు. ప్రైవేట్ స్కూళ్లవి జూమ్‌లో, అది నెట్ వైరు. రెండూ ఒకే మనిషి లాగినవి. ఆ టైంలో మా వైపు ఒక పెద్ద కంపెనీ కస్టమర్ కేర్‌కి చేస్తే "ఏడు నొక్కండి, తొమ్మిది నొక్కండి" అని తిప్పి, నాలుగు రోజులకి టికెట్ క్లోజ్ చేసింది, నెట్ రాకుండానే. పేరెందుకు లెండి. గల్లీ ఆపరేటర్‌కి ఫోన్ చేస్తే "అన్నా, పది నిమిషాలు" అంటాడు, రెండు గంటలకి వస్తాడు, కానీ వస్తాడు. రాకపోతే సాయంత్రం చాయ్ హోటల్ దగ్గర దొరుకుతాడు. ఈ ఒక్క సౌకర్యం ఏ ప్లాన్ టేబుల్‌లోనూ రాయరు.

అలా అని గల్లీ ఆపరేటర్‌ని హీరోని చేసి వదిలేయను. స్తంభాల మీద ఆ వైర్ల గుత్తులు చూశారు కదా, పావురాలు గూడు కట్టుకునేలా. పనికొచ్చేవి కొన్ని, ఎప్పుడో తెగిపోయి వదిలేసినవి బోలెడు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ వెంటనే పాతబస్తీ బండ్లగూడ వైపు వినాయకుడి విగ్రహం తీసుకెళ్తుంటే కూడా కరెంటుకి ప్రాణాలు పోయాయి. దాంతో విద్యుత్ సంస్థ స్తంభాల మీద కేబుళ్లు కోయడం మొదలుపెట్టింది. సిటీలో చాలాచోట్ల నెట్ పోయింది, వర్క్ ఫ్రమ్ హోమ్ వాళ్లు లబోదిబోమన్నారు, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ రోజుల్లో తెగినవాటిలో చిన్నవాళ్ల వైర్లే కాదు, పెద్ద పెద్ద కంపెనీలవి కూడా ఉన్నాయి. అంటే, ముప్పై ఏళ్లుగా ఎవరూ కింద పైపు వేయలేదు. తొందర్లో చిన్నవాడు స్తంభం ఎక్కాడు, వాడి వెనకే డబ్బున్నవాడు కూడా అదే స్తంభం ఎక్కాడు. చిన్నవాడికి డబ్బు లేదన్న సాకు ఉంది. పెద్దవాళ్లకి ఏం సాకు ఉందో నాకు అర్థం కాదు.

వేరే దారి లేదా అంటే, ఉంది. కేరళలో చిన్న చిన్న కేబుల్ ఆపరేటర్లు అందరూ కలిసి కేరళ విజన్ అనే కంపెనీ పెట్టుకున్నారు. వైరు లాగిన మనిషే ఓనర్లలో ఒకడు. ఇప్పుడు ట్రాయ్ నెలనెలా ఇచ్చే వైర్డ్ బ్రాడ్‌బ్యాండ్ లిస్టులో జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్, ఏసీటీ తర్వాత ఐదో పేరు అదే. ఒక్క రాష్ట్రంలో ఉండి దేశం లిస్టులోకి వచ్చింది. పక్కన ఆంధ్రాలో ఇంకో పద్ధతి: 2017 డిసెంబర్‌లో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్‌లో గవర్నమెంట్ పెద్ద ఫైబర్ వేసి, ఇంటి దాకా పని కేబుల్ ఆపరేటర్లకే ఇచ్చింది, 149 రూపాయలకి టీవీ, నెట్, ఫోన్ కలిపి. మన దగ్గర కేబుల్ ఆపరేటర్లు ఎవరి గల్లీ వాళ్లు చూసుకున్నారు. నీ గల్లీలోకి నేను రాను, నా గల్లీలోకి నువ్వు రాకు. అందుకే చాలా గల్లీల్లో మనకి చాయిస్ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, మూడు బోర్డుల వెనక వైరు లాగేది ఒకడే.

సో, మారాలనుకునేవాళ్లు ఆపరేటర్‌ని నాలుగు మాటలు అడగండి. లైసెన్స్ ఏ కంపెనీది, రసీదు ఆ కంపెనీ పేరు మీద ఇస్తారా? ఇప్పుడున్న పెద్ద కంపెనీ వైరు మా గల్లీలో చూసేది కూడా మీరేనా? అవునంటే కంపెనీ మారినా మీ వైరు కష్టాలు మారవు, బిల్లు మాత్రమే మారుతుంది. మీకు పైనుంచి లైన్ ఒకటేనా, రెండు దారుల్లో వస్తుందా? ఒకటే అయితే ఎక్కడో జేసీబీ తగిలిన రోజు అందరం కూర్చోవాల్సిందే. ఐపీవీ6 ఉందా? డబ్బులు మాత్రం నెలనెలా కట్టండి. ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఫ్రీ అంటారు, చిన్న కంపెనీని మధ్యలో ఎవరైనా కొనేస్తే ఆ రెండు నెలల గురించి ఎవరిని అడగాలో తెలియదు. మొబైల్ నంబర్‌లాగా ఇంటి నెట్‌కి పోర్టింగ్ లేదు కాబట్టి పాతది వెంటనే కట్ చేయకండి, ఒక నెల రెండూ ఉంచండి.

ఆ నెల జులై అయితే ఇంకా మంచిది. బోనాల టైం, వానలు, రాత్రి పూట కరెంటు కోతలు, గల్లీ నిండా మైకులు, అందరి ఇళ్లలో చుట్టాలు, అందరి చేతుల్లో ఫోన్లు. అప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి స్పీడ్ టెస్ట్ పెట్టి చూడండి. ఆ నంబర్ మీకు ఓకే అయితే మారిపోండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.